రొప్పం పాటా, అమరాపురం ఆఖరి బస్సూ

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కరువుంది, సంగీతముంది, లెక్కలేనన్ని గొర్రెలున్నాయి, ఒకే ఒక్క కోరికను పట్టుకుని ముసలివాడైపోయిన నాయకుడున్నాడు. చివర్లో కన్నీళ్లు కూడా ఉన్నాయి. చదివేవాళ్లు చేతిరుమాలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇంతవరకూ రాసి, రాయబోయేదాన్ని ఒకసారి తలచుకున్నాను. మహాకావ్యానికి పనికొచ్చేవి గొర్రెలు తప్ప ఏమీ కనబడలేదు. నాయకుడు పశువుల ఆసుపత్రిలో సూదులు వేసే ఉద్యోగి. యుద్ధరంగం మడకశిర బస్టాండు వెనక, మూతబడ్డ వేరుశనగ మిల్లు తాలూకు రేకుల షెడ్డు. శత్రువు ఒక బస్సు. అదీ చెడ్డ బస్సేం కాదు. సరిగ్గా టయానికి బయల్దేరుతుంది. దాని తప్పల్లా అదే.

పోయిన సంత రోజు నా సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో ఒక ఫోను వీపు విప్పుకుని కూర్చున్నాను. బస్టాండులో అమరాపురం ఆఖరి బస్సు హారన్ కొట్టింది. నేను స్క్రూడ్రైవరు కింద పెట్టి, లేచి నిలబడి, ఎవరెవరు వెళ్లిపోతున్నారా అని చుట్టూ చూశాను. అంగట్లో నేనూ, ఫోను తెచ్చిన పెద్దాయనా తప్ప ఎవరూ లేరు.

"ఏమప్పా, యాడికి పోతాండావు? నా ఫోను సంగతేంది?" అన్నాడాయన.

"యాడికీ లేదు తాతా. పాట అయిపోతాండాదేమో అనుకున్యా."

ఆయన నన్నూ, విప్పిన ఫోనునూ ఒకసారి మార్చి మార్చి చూసి, ఫోను ముక్కల్ని టవల్లో మూటగట్టుకుని పక్క అంగడికి వెళ్లిపోయాడు. ఒక బేరం పోయింది. దానికి బాధ్యుడు మా సార్. ఆయన పోయి ఏడాది కావస్తోంది కాబట్టి అడగడానికి లేదు.

సార్ అంటే ఈ చుట్టుపక్కల సూది సార్. గొర్రెలకు, మేకలకు, ఎనుములకు సూదులు వేసేవాడు. రిటైరయ్యాక కూడా ఎవరైనా గొర్రెను భుజాన వేసుకొస్తే కాదనేవాడు కాదు. ఇది ఆయన ఉద్యోగం. ఆయన అసలు పని వేరే. నాలుగు రకాల గొంతులు నాలుగు వేరువేరు వరసల్లో ఒకేసారి పాడే పాటలు కట్టేవాడు. మన భజనలో ఎంతమంది కూర్చున్నా వరస ఒకటే, అందరూ ఒకే బాట మీద నడిచిపోతారు. సార్ పాటలో నాలుగు గుంపులు నాలుగు దారుల్లో నడుస్తాయి, ఒకదాన్నొకటి తొక్కుకోవు. సంత రోజు మడకశిరలో ఇది మామూలు గొర్రెలకు కూడా సాధ్యం కాదు.

గొంతుల్ని ఆయన విభజించిన తీరు ఏ సంగీత కళాశాలలోనూ చెప్పరు. ఇంటి గొంతు, వీధి గొంతు, చేను గొంతు, గుట్ట గొంతు. పిలుపు ఎంత దూరం పోతే అంత పేరు. పరీక్ష కూడా అలాగే ఉండేది. మనల్ని షెడ్డు గుమ్మంలో నిలబెట్టి, వీపు తిప్పుకుని ఆయన నడుస్తూ పోతాడు. మనం "సార్!" అని పిలుస్తూ ఉండాలి. మన పిలుపు వినబడినంతసేపు, నడుస్తూనే, టవలు ఎత్తి ఊపుతాడు. టవలు ఎక్కడ ఆగితే అది మన గొంతు.

నేను పిలిచాను. ఆయన గుమ్మం దాటాడు, టవలు ఒకసారి ఊగింది, ఆగింది. తరువాత నా పిలుపులు నావే. ఆయన రోడ్డు దాటాడు. టీకొట్టు దగ్గర టీ తాగాడు. ఎవరితోనో వానల గురించి మాట్లాడాడు. మెల్లగా తిరిగొచ్చాడు.

"నీది ఇంటి గొంతప్పా," అన్నాడు. "అది కూడా తలుపు తీసి పెడితేనే."

అలా నేను సంగీతంలోకి ప్రవేశించాను.

గుట్ట గొంతుల్లో పెద్ద దిక్కు టెంపో ఈరన్న. సంతకు గొర్రెల్ని తోలే టెంపో ఆయనది. దాని హారన్ చెడిపోయి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు, అవసరం రాలేదు. చేను గొంతుల్లో మారక్క. అమరాపురం దిక్కు నుంచి ఆకుకూరలు తెచ్చి సంతలో అమ్మేది. సగం కన్నడం, సగం తెలుగు, తిట్లు మాత్రం పూర్తిగా రెండు భాషల్లోనూ. మిగతావాళ్లు గొర్రెల కాపరులు, కూరగాయలవాళ్లు. వీళ్లందరినీ సార్ సూది వేసే వరసలోనే పట్టాడు. గొర్రెను పట్టుకుని నిలబడ్డ మనిషి ఎటూ పారిపోలేడు. "నీ మందను ఒకసారి పిలువు చూద్దాం," అనేవాడు. పిలుపు నచ్చితే మందకు సూదీ, మనిషికి పాటా.

ఆయన పాట నడిపించే పద్ధతి చూస్తే తెలియనివాళ్లు భయపడేవారు. కర్ర లేదు, తాళం లేదు. ఎడమచేత్తో గాల్లో చర్మం పట్టి ఎత్తినట్టు పట్టేవాడు. కుడిచెయ్యి దాని దగ్గరికి తెచ్చి, బొటనవేలితో మెల్లగా నొక్కేవాడు. ఆ నొక్కుడుతో ఒక గుంపు పాటలోకి దిగాలి. వేలు ఎంత మెల్లగా నొక్కితే గొంతు అంత మెల్లగా. ఎవరైనా తొందరపడితే, సూది వేసేటప్పుడు గొర్రెకు చెప్పే మాటే వాళ్లకూ చెప్పేవాడు: "కదలాకు, కదలాకు, అయిపాయ." నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే భుజం దగ్గర చురుక్కుమంటుంది.

ఈ నాలుగు దారుల సంగీతం ఈయనకు ఎక్కడ దొరికింది అన్నది నాకు పెద్ద ప్రశ్న. ఒకరోజు అడిగేశాను.

"చిన్నప్పుడు కరువు పనిలో," అన్నాడు. "చెరువు తవ్వుతాండ్రి. ఒక్కో మూల ఒక్కో ఊరోళ్లు. ఒక్కో ఊరికి ఒక్కో పాట. గడ్డపార ఎత్తేదానికి ఒకటి, మట్టి గంప అందించేదానికి ఒకటి. నేను కట్ట మీద నీళ్ల కుండ దగ్గర కూచున్యా. ఆడికి అన్నీ కలిసి ఒకటే పాట మాదిరి వినపడె. కింద ఉండేటోళ్లకు ఎవరిది వాళ్లదే. కట్ట మీదుండే నాకొక్కనికే అంతా."

చెరువు గర్భంలో పుట్టిన సంగీతం! నేను ఇంటికెళ్లి నాలుగైదు రోజులు ఆ మాటే తలుచుకున్నాను. తరువాతి సంతకు మారక్కకు చెబితే, ఆమె తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతూ, "నాకు రేడియో అని చెప్పినాడే. రెండు స్టేషన్లు కలిసిపోయి పాడినాయంట," అంది. ఈరన్నకు బావి అని చెప్పాడట, పైనుంచి పాడితే కింద నుంచి ఇంకోటి బదులొచ్చేదని. ముగ్గురం కలిసి సార్ దగ్గరికెళ్లి నిజమేదని నిలదీశాం.

"మూడూ బాగుండాయి కదప్పా," అన్నాడు.

నాకు మాత్రం చెరువే నిజమనిపిస్తుంది. ఎందుకంటే మిగతా రెండింటిలో ఆయన కూర్చున్న చోటు చెప్పలేదు.

ఇక ఆ ఒకే ఒక్క కోరిక. ఆయన చాలా పాటలు కట్టాడు గానీ, ప్రాణం పెట్టింది రొప్పం పాట మీద. రొప్పం అంటే మా వైపు గొర్రెల్ని సాయంత్రం తోలి మూసే ముళ్లకంచె దొడ్డి. పాటంతా గొర్రెలు ఇంటికి చేరడమే. ముందు గుట్ట గొంతులు పైనుంచి పొడుగ్గా పిలుస్తాయి. తరువాత చేను గొంతులు, పంటలో పడకుండా అదిలిస్తూ. ఆ తరువాత వీధి గొంతులు, తగువులాడుతున్నట్టు గబగబా. ఎవరూ ఆపరు, ఒకరి మీద ఒకరు పేరుకుంటూ పోతారు. చివరికి రొప్పం గుమ్మంలో ఇంటి గొంతులు అడుగుతాయి: "అన్నీ వచ్చినాయా?" నాలుగు గొంతులూ కలిసి జవాబు చెప్పాలి: "అన్నీ వచ్చినాయి." అంతే పాట.

చిక్కు ఏమిటంటే, సంత ముగిసేదానికీ అమరాపురం ఆఖరి బస్సు కదిలేదానికీ మధ్య ఉన్న సందు, పాట కంటే కొంచెం చిన్నది. ఈరన్న టెంపో ఎక్కుదామంటే, సంత రోజు అది కూడా అమ్ముడైన గొర్రెల్ని చేరవేయడానికి అదే వేళకు కదలాలి. వీధి గొంతులు ఊపందుకునే సరికి బస్టాండులో హారన్ మోగేది. గుట్ట గొంతులు పాడుతూనే లేచి చెప్పులు వెతుక్కునేవి. చేను గొంతులు పాడుతూనే గంపలు నెత్తికెత్తుకునేవి. మారక్క ఆఖరి మాట రోడ్డు మీద నుంచి వినిపించేది. వీధి గొంతులు తగువు సగంలో వదిలి వాళ్ల వెనకే పరిగెత్తేవి. చివర షెడ్డులో మిగిలేది టౌనువాళ్లం, అంటే ఇంటి గొంతులం, ముగ్గురం. "అన్నీ వచ్చినాయా?" అని మేమే అడిగి, "అన్నీ వచ్చినాయి" అని మేమే చెప్పుకునేవాళ్లం. చుట్టూ ఖాళీ గోనెపట్టలు ఉండేవి.

సార్ ఎడమచేతి వేళ్లలో గాలిని పట్టుకుని అలాగే కాసేపు ఉండి, వదిలేసేవాడు.

"ఒక్క తూరి," అనేవాడు. "గుట్ట కాడి నుంచి మొదలుపెట్టి, అందరూ ఉండంగా, కడమాట వినల్ల. ఒక్క తూరి వింటే సాలు."

సంత లేని రోజు పెట్టుకుందాం అంటే, ఆ రోజు గొర్రెల్ని ఎవరు మేపుతారు అని గుట్ట గొంతులు అడిగాయి. ఎదురు ప్రశ్న వేసేంత గొంతు మాకు లేదు.

అందుకని సార్ నన్ను వెంటబెట్టుకుని బస్సు డిపోకు వెళ్లాడు. అక్కడి అధికారి ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు.

"సంత దినం అమరాపురం బండి రవ్వంత ఆలస్యంగా ఎత్తల్ల సార్," అన్నాడు మా సార్.

"ఎందుకు?"

"గొర్రెలు రొప్పం చేరల్ల."

"ఎవరి గొర్రెలప్పా? బస్సులో గొర్రెల్ని ఎక్కించుకోము."

"ఎవరివీ కాదు సార్. పాటలోవి."

అధికారి నా వైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను.

"పాట కొంచెం తగ్గించుకోండి," అన్నాడాయన, పిచ్చివాళ్లతో మాట్లాడాల్సిన మెత్తని గొంతుతో.

"గుట్ట నుంచి రొప్పానికి దారి ఎంతుండాదో పాట అంతే సార్. నేను యాడ తగ్గించేది?"

"మడకశిర నుంచి అమరాపురానికీ దారి ఎంతుండాదో అంతే. నేను యాడ తగ్గించేది?"

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. సమస్య తీరలేదు. బయటికొచ్చాక సార్ ముఖం వెలిగిపోతోంది. బస్సు ఆపుతామన్నారేమో, నేను వినలేదేమో అనుకున్నాను.

"విన్యావా? శానా మంచి వీధి గొంతు," అన్నాడు. "పాటలోకి రమ్మని అడిగింటే బాగుండు."

తరువాత ఆయనే ఒక ఉపాయం పన్నాడు. అందరూ ఉండేది మొదట్లో. కాబట్టి కడ భాగం ముందు నేర్పాలి. సంత ముగియగానే "అన్నీ వచ్చినాయి"తో మొదలుపెట్టి, తరువాత వీధి భాగం, తరువాత చేను భాగం, చివరికి గుట్ట. పాటను వెనక నుంచి ముందుకు నేర్పుకుంటూ వచ్చాడు. ఉపాయం పనిచేసింది. కడమాట అందరికీ నిద్రలో లేపి అడిగినా చెప్పేంత గట్టిగా పట్టుబడింది.

మరీ గట్టిగా పట్టుబడిందని అనంతపురంలో తెలిసింది.

అక్కడ బృందగానం పోటీ అన్నారు. పండగ రోజు కావడంతో కాపరులు మందల్ని ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి వచ్చారు. ఈరన్న టెంపో కడిగించాడు, అయినా దారంతా మా దగ్గర గొర్రెల వాసనే. బస్సు లేదు, హారన్ లేదు, అందరం ఉన్నాం. సార్ కొత్త చొక్కా వేసుకున్నాడు. స్టేజీ ఎక్కాం. తెర లేచింది. ఆయన ఎడమచేత్తో గాలిని పట్టాడు, గుట్ట గొంతుల వైపు తిరిగి, బొటనవేలు నొక్కాడు.

నాలుగు గొంతులూ ఒక్కసారిగా, ఒక్క పొరపాటు లేకుండా, "అన్నీ వచ్చినాయి" అని ఎత్తుకున్నాయి.

సంత రోజు అలాగే కదా మొదలుపెట్టేది. ఎవరికీ తప్పు చేశామని కూడా తెలియలేదు. సార్ వేలు గాల్లో ఆగిపోయింది. ఒక్క క్షణం. తరువాత ఏం చేస్తాడు, నడిపించాడు. కడ నుంచి వీధికి, వీధి నుంచి చేనుకు, చేను నుంచి గుట్టకు పాట వెనక్కి నడిచింది. రొప్పంలో ఉన్న గొర్రెలన్నీ సాయంత్రం పూట బయటికొచ్చి, గుట్టెక్కి, కనబడకుండా పోయాయి. చివర ఈరన్న ఒక్కడే పైనుంచి పిలుస్తూ మిగిలాడు.

న్యాయనిర్ణేతల్లో ఒక కాలేజీ లెక్చరరు లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఊళ్లు ఖాళీ అయి జనం వలసపోయే కరువు కథను ఇంత ధైర్యంగా వెనక నుంచి చెప్పినవాళ్లను తాను చూడలేదన్నాడు. సార్‌కు దండ వేశాడు. మాకు రెండో బహుమతి.

దిగుతూ నేను గొణిగాను: "సార్, ఆయప్పకు నిజం చెప్పకూడదా? అది కరువు కాదు, అమరాపురం బస్సు అని."

"గమ్మునుండప్పా," అన్నాడు సార్. "బస్సు అని చెప్తే దండేస్తాడా? అయినా ఆయప్ప చెప్పిందీ బాగుండాది."

తిరుగు దారిలో టెంపోలో ఆయన దండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మారక్కకు అనుమానమొచ్చింది.

"ఏం సార్, ముఖం అట్ల పెట్టినావు? కడమాట అందరమూ పాడితిమి కదా. ఇనల్ల ఇనల్ల అంటివి, ఇంటివి కదా?"

"ఇంటిని మారక్కా," అన్నాడు. "ముందే రొప్పంలో కూచుండే గొర్రెలు 'వచ్చినాము' అంటే ఏం లాభం? బయట నుంచి రావల్ల కదా."

మారక్క ఆలోచించింది. "అదీ నిజమే," అంది. తరువాత, "తప్పు మాది కాదు సార్. నేర్పినోనిది," అంది. టెంపోలో అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఇక్కడ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని రాస్తే బాగుంటుంది గానీ, టెంపో వెనక కూర్చుంటే అందరి కళ్లలోనూ దుమ్మే.

ఆ తరువాత మళ్లీ అందరూ కుదిరిన రోజు రాలేదు. వానలు ఒక ఏడాది వస్తే రెండో ఏడాది రాలేదు, కాపరులు మందల్ని తోలుకుని మేత ఉన్నచోటికి పోయారు, వచ్చారు. సంత రోజు ఉన్నవాళ్లతో పాడేవాళ్లం. హారన్ మోగేది. సార్ గాలిని పట్టుకునేవాడు, వదిలేసేవాడు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, లేవలేదు.

కర్మల ఆఖరి రోజు, పెద్దదినం నాడు అందరూ వచ్చారు. భోజనాలయ్యాయి. సాయంత్రం ఎండ తగ్గుతోంది. సార్ ఇంటి ముందు పందిట్లో ఎవరూ చెప్పకుండానే నాలుగు గుంపులుగా నిలబడ్డారు. ఆయన భార్య గడప మీద కూర్చుంది.

"ఇంట్లో ఒక్కనాడు పాడలేదు నాయనా," అంది నాతో. "ఏమి అంటే, నాకు ఇంటి గొంతు లేదు అనేటోడు."

అప్పుడు గొడవ మొదలైంది. పాట మొదటి నుంచి పాడాలా, కడ నుంచా?

"కడ నుంచే అలవాటు," అన్నాడు ఈరన్న. "మొదటి నుంచి అంటే తప్పులు పోతాయి. ఈ పొద్దు తప్పు పోతే బాగుండదు."

"తప్పు పోతే పోనీ," అంది మారక్క. "ఆయప్ప కడ ఇన్యాడు, మొదలు ఇన్యాడు. వరసగా ఇనలేదు. గుట్ట కాడి నుంచే ఎత్తుకో."

ఈరన్న గొంతు సవరించుకున్నాడు. నడిపించడానికి ఎవరూ లేరు. అందరూ ముందున్న ఖాళీ జాగా వైపు చూస్తున్నారు, అక్కడొక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మారక్క తనకు తెలియకుండానే పైటకొంగును రెండు వేళ్లతో పట్టి ఎత్తింది. అది చాలింది. ఈరన్న గుట్ట మీది నుంచి పిలిచాడు.

చేను గొంతులు వచ్చాయి. వీధి గొంతులు వచ్చాయి. రెండుచోట్ల తప్పులు పడ్డాయి, ఆగలేదు. ఒకచోట మారక్క కన్నడంలో అదిలించింది, పాటలో లేదు, బాగానే అతికింది. పాట పేరుకుంటూ పోయింది. ప్రతి సంతకూ హారన్ మోగే చోటు దగ్గరపడుతోంది. నేను పాడటం మానేసి వాళ్ల కాళ్ల వైపు చూస్తున్నాను. ఎవరైనా చెప్పులు వెతుకుతారేమో, గంప ఎత్తుకుంటారేమో అని.

ఆ చోటు వచ్చింది. ఎవరూ కదలలేదు. ఆ చోటు దాటింది. ఎవరూ కదలలేదు.

ఇంటి గొంతులం అడిగాం, "అన్నీ వచ్చినాయా?" నా గొంతు ఆ పూట బహుశా వీధి దాకా పోయింది.

నాలుగు గొంతులూ జవాబు చెప్పాయి. "అన్నీ వచ్చినాయి."

అది ఎలా ఉందని నన్నడగవద్దు. ఇంతకాలం గోనెపట్టల మధ్య మేం ముగ్గురం చెప్పుకున్న మాటా, ఇదీ ఒకటే మాట అని నాకు అనిపించలేదు. గడప మీద కూర్చున్న ఆయమ్మ అటూ ఇటూ చూసి, "ఇంతేనా? దీనికేనా?" అంది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, "బాగుండాది," అంది.

మహాకావ్యం అన్నాను కదా, ఇక్కడ ముగించాల్సింది. గురువు కోసం ఆఖరి బస్సునే వదులుకున్న శిష్యులు అని రాయడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

అయితే ఆ రోజు సంత కాదు. అమరాపురం ఆఖరి బస్సు సంత రోజు తప్ప నడవదు. అందరూ వచ్చింది ఈరన్న టెంపోలో. దాని తాళం ఈరన్న జేబులో ఉంది, ఈరన్న పాడుతున్నాడు.